640 డాలర్ల టచ్‌ప్యాడ్

తెర మధ్యలో బాణం గుర్తు నిలబడిపోయింది. వేలితో ఎంత రాసినా ఉలుకూ పలుకూ లేదు. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. వైఫై దొరికింది, పాట వినిపించింది, మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోయింది, తీస్తే లేచింది. టచ్‌ప్యాడ్ ఒక్కటే ఉన్నా లేనట్టే. నేను ఎక్కించుకున్నది ఒక చిన్న ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టినది. దాని పేరు చెప్పను. ఇందులో కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి, వాటిలో సగం నా మీదే అయినా సరే. దానికి క్రమం తప్పకుండా కోడ్ రాసేవారు ప్రపంచం మొత్తం మీద రెండు చేతుల వేళ్ళకు సరిపోతారు. నాకు అది ఎంత నచ్చిందంటే, యూఎస్‌బీ మౌస్ ఒకటి తోకలా వేలాడదీసుకుని ఏడాదిన్నర వాడాను.

మొదటి వారంలోనే తెలిసింది, ఈ లోపం మీద ఒక బౌంటీ ఉందని. తొమ్మిది మంది కలిసి 210 డాలర్లు పోగేసి పెట్టారు. వివరణ ఒకే ఒక్క వాక్యం: ‘ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్లు పనిచేయాలి.’ ఎంత సూటిగా ఉంది అనుకున్నాను. నా వంతుగా 20 డాలర్లు కలిపాను.

బౌంటీ అంటే జీతం కాదు, విరాళం కూడా కాదు. ‘ఈ పని చేసిపెట్టినవారికి ఇంత’ అని చాటింపు వేసి, మధ్యవర్తి దగ్గర ఉంచిన సొమ్ము. పని ముగిస్తేనే చేతికి వస్తుంది. సగం చేసి వదిలేస్తే సగం రాదు, ఏమీ రాదు. ఇచ్చేవారి వైపు నుంచి చూస్తే ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు లేదనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఇచ్చింది 20 డాలర్లే అయినా ఆ రోజు నుంచి యజమానినైపోయాను. నెలకోసారి వెళ్ళి ఎవరైనా మొదలుపెట్టారా అని చూసేవాడిని. ఎవరూ మొదలుపెట్టేవారు కాదు, డబ్బు మాత్రం పెరిగేది. ఐదు, పది, ఒకసారి ఏకంగా 200. ఏడాదిన్నర గడిచేసరికి 23 మంది, 640 డాలర్లు.

అయినా ఎవరూ ఎందుకు ముట్టుకోలేదో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. ఆ పని చేయగలిగినవారికి 640 డాలర్లు చాలా తక్కువ. 640 డాలర్లు చాలా ఎక్కువ అనుకునేవారికి ఆ పని చేతకాదు. నేను రెండో రకం.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్ళాలి. ఓపెన్‌సోర్స్ సిస్టమ్‌లలో పెద్దదైన లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు వచ్చే మార్పుల్లో ఎక్కువ భాగం కంపెనీల జీతగాళ్ళు రాసినవే. ప్రాసెసర్లు చేసేవారు, సర్వర్లు అమ్మేవారు, ఫోన్లు చేసేవారు తమ అవసరం కొద్దీ మనుషులను పెట్టి రాయిస్తారు. చిన్న సిస్టమ్‌లకు ఆ భాగ్యం లేదు. ఓపెన్‌బీఎస్‌డీ లాంటి పేరున్న ప్రాజెక్టే 2014 జనవరిలో కరెంటు బిల్లు కట్టలేని స్థితికి వచ్చింది. ఏడాదికి సుమారు 20,000 కెనడా డాలర్లు. ఆ ప్రాజెక్టు నుంచి పుట్టిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌ను, అంటే దూరంలోని యంత్రంలోకి భద్రంగా ప్రవేశించే సాధనాన్ని, లోకంలోని సర్వర్లలో చాలా భాగం వాడుతున్నాయి, దాన్ని రాసినవారి యంత్రాలకు మాత్రం కరెంటు డబ్బులు లేవు. తరవాత విరాళాలు వచ్చాయి, గండం గడిచింది. హైకూ దారి వేరు. బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చేసిన కంపెనీ మూతపడే రోజుల్లో, 2001లో, అభిమానులు మొదలుపెట్టిన సిస్టమ్ అది. విరాళాలు పోగుచేయడానికి 2003లో ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకున్నారు. అప్పుడప్పుడు కొన్ని నెలల కాంట్రాక్టులు ఇస్తూ వచ్చారు. పూర్తి సమయం పనిచేసే డెవలపర్ ఒకరిని పెట్టుకోవడానికి 2021 దాకా పట్టింది. ఇరవై ఏళ్ళు! ఇలాంటి సంస్థ కూడా లేని ప్రాజెక్టులకు మిగిలే దారి బౌంటీలే. మనిషిని పోషించే డబ్బు లేనప్పుడు పనికి ధర కడతారు.

నేను పని తీసుకుంటానని రాసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. సీ భాష వచ్చు, ఉద్యోగంలో వాడతాను కూడా. పరికరాన్ని సిస్టమ్‌తో మాట్లాడించే కోడ్, అంటే డ్రైవర్, మాత్రం ఎప్పుడూ రాయలేదు. బౌంటీల వ్యవహారం చూసే పెద్దమనిషి మర్నాడు జవాబిచ్చారు.

“ఎన్ని రోజుల్లో అవుతుందనుకుంటున్నారు?”

“ఆరు వారాలండీ.”

“తొంభై రోజులు రాసుకుంటున్నాను” అన్నారు. నాలాంటివారిని ఆయన చాలామందినే చూసి ఉంటారు.

ఆ తొంభై రోజులు ఇంకెవరూ ఈ బౌంటీ జోలికి రాకూడదని నియమం. ఇది మంచి నియమం. ఇది లేని చోట ఇద్దరు ఒకే పనిని ఒకరికి తెలియకుండా ఒకరు చేసి, రెండో రోజు వచ్చినవాడు ఖాళీ చేతులతో పోయిన సందర్భాలు ఉన్నాయి. గడువు లేకపోతే ఇంకో ప్రమాదం. పని తీసుకున్న మనిషి మాయమైపోతాడు, బౌంటీ ‘ఎవరో చేస్తున్నారు’ అన్న పలకతో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు, ఆ రాత్రే నేను ఆ డబ్బుతో ఏ కీబోర్డు కొనాలో చూసుకున్నాను.

పాత ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ తనను తాను పీఎస్/2 అనే పాత రకం మౌస్‌గా చూపించుకుంటుంది. కాబట్టి ఎంత చిన్న సిస్టమ్ అయినా కనీసం బాణాన్ని కదిలించగలదు. కొత్తవాటిలో చాలా మటుకు టచ్‌ప్యాడ్లు ఐ2సీ అనే రెండు తీగల దారి మీద ఉంటాయి. యూఎస్‌బీ పరికరమైతే గుచ్చగానే ‘నేను ఫలానా’ అని చెప్పుకుంటుంది. ఐ2సీ పరికరానికి ఆ మర్యాద లేదు. అది ఏ చిరునామాలో ఉందో తెలిసి పిలిస్తేనే పలుకుతుంది. ఆ చిరునామా ఏసీపీఐ పట్టికల్లో, అంటే తయారీదారు ఫర్మ్‌వేర్‌లో (యంత్రంలోనే ముందే నింపిన సాఫ్ట్‌వేర్‌లో) రాసిపెట్టిన ఒక చిన్న ప్రోగ్రాములో ఉంటుంది. దాంట్లో ‘పీఎన్‌పీ0సీ50’ అన్న గుర్తు ఉన్న పరికరాన్ని వెతకాలి. దొరికాక దాని _డీఎస్ఎం అనే పద్ధతిని పిలవాలి. అది ఒక రిజిస్టర్ సంఖ్య, అంటే చిప్‌లోని ఒక అర నంబరు ఇస్తుంది. ఆ రిజిస్టర్‌ను చదివితే 30 బైట్ల వివరణ వస్తుంది. అందులో ఇంకో రిజిస్టర్ సంఖ్య ఉంటుంది. దాన్ని చదివితే అసలు వివరణ. తాళం చెవి కోసం ఒక పెట్టె, ఆ పెట్టెకు ఇంకో తాళం.

ఇంకో తమాషా ఉంది. ఫర్మ్‌వేర్ ముందుగా ‘నువ్వు ఏ విండోస్‌వి?’ అని అడుగుతుంది. నిజంగానే అడుగుతుంది, _ఓఎస్ఐ అన్న పిలుపుతో. విండోస్ కాదని నిజం చెబితే కొన్ని యంత్రాలు టచ్‌ప్యాడ్‌ను చూపించవు, లేదా వేరే రకంగా చూపిస్తాయి. లినక్స్ కూడా ఈ ప్రశ్నకు విండోస్‌నేనని చెబుతుంది. మేమూ చెప్పాం. అబద్ధం ఆడకపోతే డ్రైవర్ నడవని లోకం ఇది.

చూసి రాసుకుందామంటే లినక్స్‌లో ఈ డ్రైవర్ ఏనాడో ఉంది. కానీ దాని లైసెన్స్ జీపీఎల్, తన కోడ్ కలిసినది కూడా అదే లైసెన్స్‌లోకి రావాలంటుంది. మా ప్రాజెక్టుది అంతకన్నా సడలింపున్న ఎమ్ఐటీ. ఆ కోడ్‌ను తెచ్చి ఇందులో పెట్టకూడదు. ‘చూడకుండా ఉంటేనే మంచిది’ అని పెద్దలు చెప్పారు, నేను చూడలేదు. ఓపెన్‌బీఎస్‌డీలో ఐహిడెవ్ అని, ఫ్రీబీఎస్‌డీలో ఐఐసీహిడ్ అని ఇదే పని చేసే డ్రైవర్లు ఉన్నాయి. వాటి లైసెన్సులు ఉదారమైనవి. పగలు ఉద్యోగం, రాత్రి ఓపెన్‌బీఎస్‌డీ కోడ్. చక్కగా, పొదుపుగా రాసిన కోడ్. ఇంకొకరి చేతిరాతను ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చదవలేదు.

మూడో వారం చివర, ఒక రాత్రి, మొదటి నాలుగు బైట్లు వచ్చాయి: 1ఈ 00 00 01. 1ఈ అంటే 30, వివరణ పొడవు. చివరి రెండూ 1.00 అన్న వెర్షన్. ఈ పరికరాల ప్రమాణ పత్రంలో రాసినదే తెరపై కనిపించింది. అవతల ఒక చిన్న చిప్ నా పిలుపు విని, పేరు చెప్పి పలికింది. ఈ కథ మొత్తంలో డబ్బు సంగతి పూర్తిగా మరిచిపోయిన క్షణం అదొక్కటే.

ఐదో వారంలో బాణం కదిలింది.

అసలు చిక్కు మొదలైంది కూడా అప్పుడే. ఈ రకం టచ్‌ప్యాడ్లు మొదట మౌస్ తరహాలో లేస్తాయి. ఒక వేలు, రెండు మీటలు, అంతే. వాటికి ఒక సెట్టింగ్ పంపాలి: సున్నా అంటే మౌస్, 3 అంటే టచ్‌ప్యాడ్. 3 పంపితే అప్పుడు ఎన్ని వేళ్ళు, ఏ వేలు ఎక్కడ అన్న లెక్క అంతా వచ్చి పడుతుంది. దాన్ని అర్థం చేసుకోవడం సిస్టమ్ బాధ్యత. నేనింకా సున్నా దగ్గరే ఉన్నాను. కానీ బాణం కదులుతోంది. ‘ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్లు పనిచేయాలి’ అన్న వాక్యాన్ని మళ్ళీ చదివాను. పనిచేస్తోంది కదా?

సిగ్గుపడకుండా చెబుతాను, డబ్బు అడగాలనే అనుకున్నాను. వీడియో తీసి పెట్టాను. ఒక రోజంతా అభినందనలు. రెండో రోజు నుంచి ఉత్తరాలు.

‘రెండు వేళ్ళతో స్క్రోల్ అవ్వాలి కదండీ, అది లేకుండా టచ్‌ప్యాడ్ అంటే ఎలా?’ అని ఒకరు. ‘మూడు వేళ్ళతో పక్క డెస్క్‌టాప్‌కు వెళ్ళాలి’ అని ఇంకొకరు. ‘టైప్ చేసేటప్పుడు అరచేయి తగిలితే కదలకూడదు’ అని మరొకరు. ‘నా దాంట్లో అసలు రావడం లేదు’ అని నలుగురు. ఆ నలుగురిలో ఒకరిది పదేళ్ళ పాత యంత్రం, అందులో ఉన్నది ఐ2సీ కానే కాదు, పీఎస్/2. ఆయన సమస్య వేరే డ్రైవర్‌లో ఉంది. కానీ ఆయన బౌంటీలో 15 డాలర్లు వేశారు, వేసేటప్పుడు చదివిన వాక్యంలో ఐ2సీ అన్న మాట లేదు. ఆయన తప్పేముంది? అందరికన్నా పొడుగు ఉత్తరాలు రాసింది ఐదు డాలర్లు ఇచ్చిన మనిషి. రెండు వందలు ఇచ్చినవారు ఒక్క ముక్క మాట్లాడలేదు, ఇప్పటికీ ఎవరో నాకు తెలియదు.

23 మంది, 23 ల్యాప్‌టాప్‌లు. ప్రతి ఒక్కరూ తమ ఎదురుగా ఉన్న టచ్‌ప్యాడ్‌ను మనసులో పెట్టుకుని అదే ఒక్క వాక్యం కింద డబ్బు వేశారు. నేనూ అంతే చేశాను, ఏడాదిన్నర కిందట. డబ్బు వేసినప్పుడు అందరం ఒకటే కోరుతున్నాం అనుకున్నాం.

ఈ తగువు కొత్తది కాదు. సముద్రంలో ఓడ రేఖాంశాన్ని కనిపెట్టే పద్ధతికి 1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. షరతు కూడా ముందే రాశారు: అర డిగ్రీ లోపు తేడా ఉండాలి. జాన్ హారిసన్ అనే గడియారాల తయారీదారు అందుకు తగిన గడియారం చేశాడు. 1761లో బయలుదేరిన ఓడలో అది జమైకా దాకా వెళ్ళి నెగ్గింది కూడా. అయినా ‘అదృష్టం కొద్దీ కుదిరి ఉండవచ్చు, ఇంకోసారి చూపించు, ఇంకొకరు చేయగలరని చూపించు’ అంటూ సాగదీశారు. చివరి సొమ్ము ఆయన చేతికి 1773లో పార్లమెంటు జోక్యంతో వచ్చింది, అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్ళు. అర డిగ్రీ అని అంకెతో సహా రాసినా అంత గొడవ జరిగింది. మాది ఒక్క వాక్యం, అందులో అంకే లేదు.

సరే, కూర్చుని అందరికీ ఒక ఉత్తరం రాశాను. మీ యంత్రం ఏసీపీఐ పట్టికలు తీసి పంపండి, ఏ కమాండ్ వాడాలో ఇది. 23 మందిలో ఎనిమిది మంది పంపారు. ఐదుగురివి నా దానిలాంటివే. ఇద్దరివి పీఎస్/2. ఒకరిది ఏఎండీ ప్రాసెసర్. అందులో ఐ2సీ కంట్రోలర్ దాదాపు అదే డిజైన్ అయినా, నా ఇంటెల్ యంత్రంలోలా పీసీఐ అనే లోపలి దారి మీద కనబడదు, దాన్ని కూడా ఏసీపీఐలోనే వెతికి పట్టుకోవాలి. దీనికి ఇంకో వారం పట్టింది. ఆ యంత్రం నా దగ్గర లేదు. నేను మార్చి పంపడం, ఆయన రాత్రి పరీక్షించి తెర ఫొటో పంపడం, అందులో సగం అక్షరాలు మసకగా ఉండటం. ఆయన ఓపికకు దండం పెట్టాలి. ఆయన బౌంటీకి ఇచ్చింది పది డాలర్లు, ఇచ్చిన సమయానికి వెల కట్టలేం.

పెద్దమనిషి మధ్యలోకి వచ్చి ఒక రాజీ రాశారు. ఐ2సీ టచ్‌ప్యాడ్లు, ఇంటెల్, ఏఎండీ రెండింటిలో. ఒక వేలు, రెండు వేళ్ళ స్క్రోల్, తట్టితే క్లిక్. మూడు వేళ్ళు, అరచేయి సంగతి తరవాత. కోడ్ ప్రధాన శాఖలో, అంటే అందరికీ వెళ్ళే అసలు కోడ్‌లో కలవాలి. పీఎస్/2 వారు కావాలంటే తమ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఇద్దరూ తీసుకోలేదు. ఒకాయన ‘ఎలాగూ రేపు కొత్తది కొంటాను కదా’ అని రాశారు.

‘ప్రధాన శాఖలో కలవాలి’ అన్న ఆ చిన్న మాట నా నాలుగు నెలలు తినేసింది.

ప్రాజెక్టులో పరికరాల డ్రైవర్లు చూసే ఆయన ఒకరున్నారు. జీతం లేదు, బౌంటీలో వాటా లేదు. నేను పంపిన కోడ్ సుమారు 2,400 పంక్తులు. ఆయన ఏడు వారాల్లో నాలుగు విడతలుగా చదివి 61 వ్యాఖ్యలు రాశారు. కొన్ని చిన్నవి: పేర్లు, ఖాళీలు. కొన్ని నడుము విరిచేవి. యూఎస్‌బీ మౌస్‌లు తమ గురించి చెప్పుకునే హెచ్ఐడీ వివరణలు చదివే కోడ్ సిస్టమ్‌లో ముందే ఉంది. నేను దాన్ని కాపీ చేసుకుని నా డ్రైవర్‌లో పెట్టుకున్నాను. ‘ఒకే పనికి రెండు ప్రతులు ఉండకూడదు. దాన్ని యూఎస్‌బీ నుంచి విడదీసి ఉమ్మడి చోట పెట్టండి, తరవాత ఇద్దరూ వాడుకోండి.’ ఆ మాట సరైనదే. కానీ అలా చేయాలంటే నేను ఎన్నడూ చూడని, పదిహేనేళ్ళుగా అందరి మౌస్‌లనూ నడుపుతున్న కోడ్‌ను కదిలించాలి. ఒకసారి కదిలించాను. రెండు రోజులు పరీక్షా ప్రతి వాడేవారందరి మౌస్‌లూ ఆగిపోయాయి. నా టచ్‌ప్యాడ్ కోసం ఊరందరి ఎలుకలనూ చంపానని ఒకరు రాశారు. నవ్వు రాలేదు అప్పుడు.

రెండో పెద్ద వ్యాఖ్య ఇంతకన్నా గట్టిది. టచ్‌ప్యాడ్ మీద వేలు పడగానే ప్రాసెసర్‌ను పిలవాలంటే ఇంటరప్ట్ కావాలి. ఈ పరికరాల్లో అది జీపీఐఓ అనే ఇంకో కంట్రోలర్ గుండా వస్తుంది. దానికి మా సిస్టమ్‌లో డ్రైవర్ లేదు. నేను దగ్గర దారి తొక్కాను: సెకనుకు వందసార్లు టచ్‌ప్యాడ్‌ను ‘ఏమైనా ఉందా?’ అని అడగడం. వాడేవారికి తేడా తెలియదు. బ్యాటరీకి తెలుస్తుంది, ఎవరూ ముట్టుకోకపోయినా ప్రాసెసర్ నిద్రపోలేదు. ఆయన ఒప్పుకోలేదు.

“రాజీ షరతుల్లో ఇంటరప్ట్ మాట లేదండీ” అని రాశాను. రాసేటప్పుడే నా మాట నాకే కరణం లెక్కలా వినిపించింది.

“బౌంటీ షరతులు మీకూ, డబ్బు ఇచ్చినవారికీ మధ్య. నేను చూసేది వేరు. మీరు ఈ పని ముగించుకుని వెళ్ళిపోతారు, వెళ్ళవద్దని అనను. ఈ కోడ్ ఇక్కడే ఉంటుంది. వచ్చే ఏడాది దీనికి ఏమైనా అయితే అడిగేది నన్ను.”

మూడు రోజులు కోపంగా తిరిగాను. నాలుగో రోజు తట్టింది, ఈ బౌంటీలో అందరికన్నా ఎక్కువ కట్టింది ఆయనేనని. జాబితాలో ఆయన పేరు పక్కన అంకె లేదు, అంతే. జీపీఐఓ డ్రైవర్ మొదలుపెట్టాను. తొంభై రోజుల గడువు అప్పటికే దాటిపోయింది. పొడిగించమని అడిగాను, ఇచ్చారు. ఇంటెల్ కంట్రోలర్లకు ఇంటరప్ట్ దారి పడింది. ఏఎండీకి పడలేదు, అక్కడ ఆ వందసార్ల అడగడమే ఉంచి, ‘ఇది తాత్కాలికం’ అని వ్యాఖ్య రాసి పెట్టాం. అది ఇంకా అలాగే ఉంది. కంప్యూటర్ లోకంలో తాత్కాలికం అన్నంత శాశ్వతం ఇంకొకటి లేదు.

కోడ్ కలిసిన రోజు ఆయనకు నా సొమ్ములో మూడో వంతు ఇస్తానన్నాను. వద్దన్నారు.

“డబ్బు తీసుకుంటే ఇది ఉద్యోగం అవుతుంది. ఉద్యోగమైతే రాత్రి పదకొండింటికి కూర్చుని చేయను. మీకు ఇవ్వాలనే ఉంటే, ఇక నుంచి టచ్‌ప్యాడ్ మీద ఎవరైనా మార్పు పంపితే మొదట మీరు చదవండి.”

ఒప్పుకున్నాను. 640 డాలర్లు వస్తాయనుకుని బయలుదేరినవాడిని అప్పుడు తెచ్చుకున్నది ఒక పదవి.

సొమ్ము చేతికి రావడం గురించి ఎక్కువ చెప్పేది లేదు. గుర్తింపు పత్రాలు, బ్యాంకు వివరాలు, అభ్యంతరాలకు రెండు వారాల గడువు, తరవాత ఇంకో మూడు వారాలు కారణం చెప్పని ఆలస్యం. ఆ మూడు వారాలు మాత్రం భయపడ్డాను. 2020 జూన్‌లో బౌంటీసోర్స్ అనే బౌంటీల వెబ్‌సైట్ తన నియమాలు మార్చి, రెండేళ్ళలో ఎవరికీ అందని బౌంటీల సొమ్ము తానే ఉంచుకుంటానని ప్రకటించింది. పెద్ద దుమారం లేచాక వెనక్కి తగ్గింది. మేం వాడింది వేరే చోటు, కానీ ఆ వార్త చదివినప్పటి నుంచి ఇంకొకరి పెట్టెలో ఉన్న ఉమ్మడి సొమ్ము మీద నమ్మకం సన్నగిల్లింది. మా బౌంటీ కూడా ఆ లెక్కన రెండేళ్ళు ఎప్పుడో దాటేసింది. చివరికి వచ్చింది, పది శాతం రుసుము పోను 576 డాలర్లు. అందులో నేను వేసిన 20 కూడా ఉంది, 18గా తిరిగి వచ్చింది.

గంటలు రాసుకునే అలవాటు ఉంది నాకు. కోడ్ కలిసేనాటికి 190. గంటకు మూడు డాలర్లు. ఈ లెక్క చెబితే ఇంట్లో నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఈ లెక్కే తప్పు అని కూడా అనిపిస్తుంది. 640 డాలర్లు నా 190 గంటలను కొనలేదు. అది చేసింది వేరు. ఆ పని ఎన్నో పనుల మధ్య తప్పిపోకుండా పైన నిలబెట్టింది. 23 మంది ఎదురుచూస్తున్నారని చెప్పింది. విసుగొచ్చి వదిలేద్దామనుకున్న రెండు సందర్భాల్లో ముఖం చూపించలేనన్న భయం పెట్టింది. ఆ భయం విలువ గంటకు ఎంతో తెలియదు. ఇంకొకరు ఇదే లెక్క చూసి ‘దోపిడీ’ అంటే కాదనను, వాదించను కూడా. ఇంటి అద్దె దీని మీద కట్టాల్సిన మనిషి అయితే ఆ మాటే సరి.

తరవాత జరిగినదానికి బౌంటీ లేదు. విడుదలైన నెలకు మొదటి ఫిర్యాదు: ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచాక టచ్‌ప్యాడ్ లేవడం లేదు. మౌస్ తగిలించుకుని ఏడాదిన్నర గడిపిన నాకు ఇది తట్టనే లేదు, నా పరీక్షల్లో మూత వేసి తీయడం లేదు. నిద్ర నుంచి లేచాక ఆ చిప్‌ను మళ్ళీ మొదటి నుంచి పలకరించి, మళ్ళీ 3 పంపాలి. 11 పంక్తుల మార్పు, కనిపెట్టడానికి తొమ్మిది రాత్రులు. తరవాత ఒక తయారీదారు చిప్ లేవగానే కొన్ని మిల్లీసెకన్లు ఆగితే తప్ప పలకదని తేలింది. తరవాత ఇంకొకటి. ఇలా రెండేళ్ళలో 37 ఫిర్యాదులు నా పేరు మీద వచ్చాయి. గంటలు రాసుకోవడం మానేశాను.

ఈ మధ్య వెబ్‌కెమెరాల కోసం బౌంటీ పెడదామన్న మాట వచ్చింది. వివరణ రాయమని పెద్దమనిషి నన్ను అడిగారు. ఎందుకో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నాలుగు రోజులు కూర్చుని రాశాను. యూఎస్‌బీ వీడియో ప్రమాణం పాటించే కెమెరాలు మాత్రమే. పరీక్షకు మూడు మోడళ్ళు, అవి ఎవరి దగ్గర ఉన్నాయో కూడా. 640 గుణించు 480 పరిమాణంలో సెకనుకు 30 బొమ్మలు, పది నిమిషాలు ఆగకుండా. నిద్రపోయి లేచాక మళ్ళీ అదే పరీక్ష. పూర్తయిందని చెప్పేది ఇద్దరు: ఒక నిర్వాహకుడు, డబ్బు వేసినవారిలో ఒకరు. పావు వంతు కోడ్ చదివేవారికి, వారు వద్దంటే పరీక్షా యంత్రాలు కొనడానికి. 15 శాతం ఆరు నెలలు ఆపి ఉంచి, అప్పటి దాకా ఫిర్యాదులకు జవాబిచ్చినవారికి. మొత్తం రెండు పేజీలు అయింది.

‘పొలం అమ్మకం దస్తావేజులా ఉంది’ అని ఒకరు రాశారు. నిజమే, చదివి డబ్బు వేయాలంటే ఓపిక కావాలి. టచ్‌ప్యాడ్ వాక్యం చదవడానికి రెండు సెకన్లు చాలు, చదివినవారికి తమ ల్యాప్‌టాప్ కళ్ళ ముందు మెదిలేది. ఈ రెండు పేజీలు చదివితే ఎవరి కెమెరా అందులో లేదో ముందు తెలుస్తుంది. ఎనిమిది నెలల్లో 135 డాలర్లు వచ్చాయి. మొదటి 20 నావే.

పోయిన వారం ఒక కొత్త మనిషి ఉత్తరం రాశారు. డ్రైవర్లు ఎప్పుడూ రాయలేదట, ప్రయత్నించాలని ఉందట. ఒక సందేహం అడిగారు: పది నిమిషాలు ఆగకుండా అంటే ఒక్క బొమ్మ కూడా జారకూడదా, ఒకటి రెండు జారినా ఫరవాలేదా? రెండు పేజీలూ మళ్ళీ చదివాను. ఎక్కడా లేదు. ‘గంటకు పది బొమ్మల వరకు జారవచ్చు’ అని చేర్చాను. తరవాత పరీక్షే పది నిమిషాలది కదా అని గుర్తొచ్చి, గంటను కొట్టేసి, పదిని రెండు చేశాను. ఎన్ని రోజుల్లో అవుతుందనుకుంటున్నారని అడిగితే ఆరు వారాలన్నారు.